హ్యువాన్ పైన్: కొమ్మ నాటడం నుంచి భరిణె చేయడం దాకా

సరుగుడు వేసిన రైతు నాలుగైదేళ్లకు కోతకు సిద్ధమవుతాడు. టేకు నాటిన తాత, మనవడి ఇంటి తలుపులకు కలప అందుతుందని లెక్క వేసుకుంటాడు. హ్యువాన్ పైన్ దగ్గర ఈ లెక్కలేవీ సాగవు. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా ద్వీపం అడవుల్లో ఈ చెట్టు మాను ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు లావెక్కుతుంది. చిటికెన వేలంత కావడానికే పదేళ్లు దాటుతుంది. గుమ్మానికి సరిపడే మాను కావాలంటే కొన్ని వందల ఏళ్లు ఆగాలి.

పద్నాలుగేళ్లుగా టాస్మానియా రాజధాని హోబార్ట్‌లో ఉంటున్నాను. పెరట్లో రెండు హ్యువాన్ పైన్‌లు నేలలో, అయిదు కుండీల్లో ఉన్నాయి. వెనక షెడ్డులో చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం, అంటే ఒక చిన్న లేత్ మీద ఈ చెక్క తునకలతో భరిణెలు చేస్తుంటాను. ఇక్కడా, మెల్‌బోర్న్‌లోనూ ఉండే మనవాళ్లు అడిగినప్పుడల్లా కొంత కొంత చెప్పినదంతా ఇప్పుడు ఒకచోట రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. మీరు నాటిన మొక్క చెక్క మీ చేతికి రాదు. మీరు కొనే చెక్క ఎవరూ నాటినది కాదు. అందుకే మొక్కను పెంచడం, చెక్కతో పని చేయడం అని రెండు భాగాలుగా రాశాను. మొదటిదానికి ఓపిక, రెండోదానికి పొదుపు కావాలి.

ముందు చెట్టును తెలుసుకోండి

పేరులో పైన్ ఉన్నా ఇది పైన్ కాదు. శాస్త్రీయ నామం లాగరోస్ట్రోబోస్ ఫ్రాంక్లినీ, కుటుంబం పోడోకార్పేసీ. ఈ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. ఫ్రాంక్లినీ అన్నది 1837 నుంచి 1843 దాకా ఈ ద్వీపానికి గవర్నరుగా పనిచేసిన సర్ జాన్ ఫ్రాంక్లిన్ పేరు. హ్యువాన్ అన్నది నది పేరు. ఆ నదికి ఆ పేరు 1792లో వచ్చిన ఫ్రెంచి నావికుడు హ్యువాన్ ద కెర్మడెక్ నుంచి వచ్చింది.

మన వైపు చాలామంది సరుగుడు ఆకులు చూసి అదీ పైన్ జాతే అనుకుంటారు. సరుగుడు పూలు పూసే చెట్టు, పైన్, హ్యువాన్ పైన్ లాంటి శంకుధారి వృక్షాలతో దానికి చుట్టరికం లేదు. హ్యువాన్ పైన్‌కు దక్షిణ భారతంలో నిజమైన బంధువు ఒకటుంది. పడమటి కనుమల తడి అడవుల్లో పెరిగే నాగెయా వాలిచియానా. అది కూడా పోడోకార్పేసీ కుటుంబానిదే. దక్షిణాదిలో సహజంగా పెరిగే శంకుధారి చెట్టు అదొక్కటే.

హ్యువాన్ పైన్ సొంత ఊరు టాస్మానియా పశ్చిమ, నైరుతి భాగాలు. గోర్డన్, ఫ్రాంక్లిన్, కింగ్, పీమన్ నదుల ఒడ్డున, ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చల్లని వానడవుల్లో పెరుగుతుంది. ఆకులు సూదుల్లా ఉండవు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొలుసులు రెమ్మ చుట్టూ మెలికగా అతుక్కుని ఉంటాయి. రెమ్మను వేళ్ల మధ్య పెట్టి జారవిడిస్తే జడకు కట్టిన కుచ్చులా మెత్తగా జారిపోతుంది. కొమ్మలు కిందికి వేలాడతాయి. ముసలి చెట్లు నది మీదికి ఒరిగి, నీటిని తాకిన కొమ్మలతో నిలబడి ఉంటాయి.

ఆ వాలే గుణం వల్లే ఇది ఇన్నివేల ఏళ్లు బతికింది. నేలకు ఆనిన కొమ్మ వేళ్లు పోసుకుని మరో చెట్టవుతుంది. మన నర్సరీల్లో నేల అంటు కట్టినట్టే, మనిషి చెయ్యి లేకుండా. పశ్చిమాన రీడ్ కొండ మీద ఉన్న గుంపులో చెట్లన్నీ మగవే. జన్యుపరంగా అన్నీ ఒక్కటే. పక్కనే ఉన్న సరస్సు అడుగు మట్టిలో దొరికిన పుప్పొడిని బట్టి, ఆ గుంపు 10,000 ఏళ్లకు పైగా అక్కడే ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఇప్పుడు నిలబడి ఉన్న మానులు అంత పాతవి కావు. అవి పోయి వాటి కొమ్మలు, ఆ కొమ్మలు పోయి మళ్లీ వాటి కొమ్మలు, అలా వచ్చినవి. ఒక్కో మాను విషయానికి వస్తే రెండు వేల ఏళ్లు దాటినవి ఉన్నాయి.

మీరు కొమ్మ నాటినప్పుడు చేసేది కూడా సరిగ్గా ఆ అంటు పనే. అందుకే ఈ చెట్టుకు గింజకంటే కొమ్మ నమ్మకమైన దారి.

మొక్క ఎక్కడ తెచ్చుకోవాలి

అడవిలో తుంచకండి. జాతీయ ఉద్యానవనాల్లో ఆకు కోయడం కూడా నేరం. పైగా అక్కడి మట్టి మన బూట్లకు, కత్తెరకు అంటుకుని వేరు కుళ్లు తెగుళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తుంది. టాస్మానియాలో స్థానిక మొక్కలు అమ్మే నర్సరీల్లో చిన్న గొట్టపు కుండీల్లో జానెడు మొక్కలు దొరుకుతాయి. మొదటిసారి పెంచేవాళ్లు అలాంటి మొక్కనే కొనుక్కోండి. రెండో మొక్క నుంచి కొమ్మలతో ప్రయత్నించవచ్చు.

కొనేటప్పుడు కుండీ అడుగు చూడండి. వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వద్దనండి. నెమ్మదిగా పెరిగే మొక్క ఆ ముడి నుంచి తేరుకోవడానికి ఏళ్లు తీసుకుంటుంది. పొలుసుల రంగు కొనల దాకా పచ్చగా ఉండాలి. లోపలి రెమ్మలు గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఎప్పుడో నీళ్లు అందక ఎండిందని అర్థం.

కొమ్మతో మొక్క చేయడం

మనకు శివరాత్రి నుంచి ఉగాది దాకా ఉండే రోజులు ఇక్కడ వేసవి ముగిసి చలి మొదలయ్యే కాలం. కొమ్మలు తీయడానికి అదే సరైన అదను. ఆ ఏడాది పెరిగిన రెమ్మ కొన మెత్తగా ఉండి, మొదలు మాత్రం గోధుమ రంగుకు తిరుగుతూ ఉండాలి. వంచితే విరగకుండా కొంచెం బిగువుగా తిరగబడాలి. అలాంటి చివర్లను ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవున పొద్దున్నే కత్తిరించండి. వేలాడే పక్క రెమ్మలకంటే పైకి లేస్తున్న చివర్లకే నా ఓటు. కత్తిరించిన వెంటనే తడి గుడ్డలో చుట్టండి. అరగంట ఎండలో ఉంచితే ఆ రోజు శ్రమ వృథా.

మట్టి అనకుండా మిశ్రమం అనాలి దీన్ని. సగం ముతక ఇసుక లేదా పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళ్లు, సగం కడిగి పిండిన కొబ్బరి పొట్టు. ఎరువు ఒక్క చిటికెడు కూడా వద్దు. వేరు లేని కొమ్మకు ఎరువు తిండి కాదు, కుళ్లుకు ఆహ్వానం. మిశ్రమాన్ని లోతైన చిన్న కుండీలో నింపి, నీళ్లు పోసి, గంటసేపు కారనివ్వండి.

కొమ్మ కింది మూడో వంతులో ఉన్న పొలుసులను గోటితో సున్నితంగా తీసేయండి. మొదట్లో ఒక పక్క పలుచగా గీరితే లోపలి ఆకుపచ్చ పొర కనిపిస్తుంది. వేళ్లు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. ఆ మొదలును వేరు హార్మోను పొడిలో అద్ది, ఎక్కువైన పొడిని దులిపి, పెన్సిలుతో చేసిన రంధ్రంలో పెట్టండి. కొమ్మతోనే గుచ్చితే పొడి అంచున రాలిపోతుంది. చుట్టూ వేళ్లతో అదమండి. ఒక కుండీలో అయిదారు కొమ్మలు పెట్టవచ్చు. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాను అడుగు కోసి బోర్లించండి, మూత తీసి ఉంచండి. వెలుతురు బాగా వచ్చి, ఎండ నేరుగా పడని చోట కుండీ పెట్టండి.

తరువాత చేయాల్సింది ఎదురుచూడటం. ఇక్కడే చాలామంది మొక్కను చంపుతారు. రెండు నెలలకు కొమ్మ పచ్చగానే ఉంటుంది, కొత్త చిగురు మాత్రం ఉండదు. వేరు వచ్చిందో లేదో చూద్దామని లాగుతారు. అప్పుడే పుట్టిన వేరు అక్కడే తెగిపోతుంది. లాగకండి. కొమ్మ పచ్చగా ఉన్నంతకాలం అది బతికే ఉంది. నాకు ఒక దఫా ఎనిమిది నెలలు పట్టింది. తడి చూద్దామని కుండీని ఎత్తితే, అడుగు రంధ్రంలోంచి విరిగిన బియ్యపు గింజంత తెల్లని కొన ఒకటి బయటికి వచ్చి ఉంది. దాన్ని తాకకుండా కుండీని మళ్లీ అలాగే కింద పెట్టాను. ఆ దఫాలో పెట్టిన ఆరింటిలో నాలుగు బతికాయి. ఈ చెట్టుకు అది మంచి ఫలితమే.

వేరు కనిపించాక కూడా మరో రెండు మూడు నెలలు ఆగి, చలికాలం పోయాక విడి కుండీల్లోకి మార్చండి.

హ్యువాన్ పైన్‌లో ఆడ, మగ చెట్లు వేరు. మీ కొమ్మ ఏ చెట్టుదైతే మొక్క కూడా అదే లింగం. గింజలు కావాలనుకుంటే రెండు రకాలూ ఉండాలి. గింజలతో పెంచడం గురించి ఇక్కడే చెప్పేస్తాను. అడవిలో ఇది ఏటా కాయదు, కొన్నేళ్లకు ఒకసారి విరగకాస్తుంది. గింజ రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, మొలవడానికి చాలాకాలం తీసుకుంటుంది. పరిశోధనకు అది కావాలి గానీ పెరటి తోటకు కొమ్మ చాలు.

కుండీలో పెంచడం

కుండీ మట్టి పుల్లగా ఉండాలి. పైన్ బెరడు తునకలు, కొబ్బరి పొట్టు, కొంచెం ముతక ఇసుక కలిపి వాడతాను. సున్నం, బూడిద దగ్గరికి రానివ్వకండి. మనకు పెరటి మొక్కలకు పొయ్యి బూడిద చల్లే అలవాటుంది, దీనికి మాత్రం వద్దు. కుండీని ఒక్కసారిగా పెద్దది చేయవద్దు. వేళ్లు లేని చోట నిలిచే తడి పులిసి, ఉన్న వేళ్లను కూడా పాడుచేస్తుంది. రెండేళ్లకు ఒకసారి, అయిదు సెంటీమీటర్లు వెడల్పయిన కుండీలోకి మార్చితే సరిపోతుంది.

నీళ్ల విషయంలో ఈ చెట్టు రాజీ పడదు. పుట్టింది నది ఒడ్డున. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, అయితే ఆ తడి కదులుతూ ఉండాలి. పళ్లెంలో నిలిచి వేడెక్కిన నీరు పనికిరాదు. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అంతకంటే మంచిది లేదు. వేలును రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి. వేలికి చల్లగా తగలకపోతే వెంటనే నీళ్లు పోయండి.

ఒక సంక్రాంతికి ఊరెళ్లాను. సంక్రాంతి అంటే ఇక్కడ నడి వేసవి. చుక్కనీటి గొట్టానికి గడియారం మీట పెట్టి, అంతా సరిగా ఉందనుకుని వెళ్లిపోయాను. ఒక గొట్టం మొనలో ఇసుక రేణువు ఇరుక్కుంది. వారం రోజులు రెండు కుండీలకు నీరందలేదు. తిరిగి వచ్చేసరికి రెమ్మలు ఆకారం మారకుండా అలాగే ఉన్నాయి. రంగు మాత్రం తుప్పులా మారిపోయింది. మామూలు మొక్క వాడితే తలవాల్చి చెబుతుంది. ఇది అలా చెప్పదు. రంగు మారిందని మనం గమనించేసరికి ఆ రెమ్మ చనిపోయి ఉంటుంది, నీళ్లు పోసినా తిరిగి పచ్చబడదు. ఆరేళ్లు పెంచిన మొక్కలు రెండూ పోయాయి. అప్పటి నుంచి ఊరెళితే కుండీలను పక్కింటివాళ్లకు అప్పగించి వెళుతున్నాను. మీరూ అలాగే చేయండి, ఈ మొక్కను యంత్రం మీద వదలకండి.

ఎరువు కొద్దిగా చాలు. వసంతం మొదట్లో, అంటే మనకు వినాయక చవితి వచ్చే రోజుల్లో, నెమ్మదిగా కరిగే గుళికల ఎరువును పొట్లం మీద రాసిన దానిలో సగం వేయండి. ఎక్కువ వేస్తే త్వరగా పెరుగుతుందనుకోవడం పొరపాటు. చలికి భయపడనక్కర లేదు, మంచు పడే రాత్రులను తట్టుకుంటుంది. దానికి గిట్టనిది ఎండ, వేడిగాలి. హోబార్ట్‌లో వేసవిలో ఉత్తరపు గాలి వీచి ఒక్కసారిగా 35 డిగ్రీలు దాటే రోజులు వస్తాయి. ఆ రోజుల్లో కుండీలను గోడ నీడకు లాగి, సాయంత్రం ఆకుల మీద కూడా నీళ్లు చిలకరించండి.

ఇంత చేస్తే ఆరేళ్ల మొక్క మోకాలి ఎత్తు దాటుతుంది. నా దగ్గర ఉన్నవి అలాగే పెరిగాయి. నెమ్మదితనమే కుండీకి వరం. ముప్పై ఏళ్లయినా ఇంటి ముందు కుండీలో అందంగా ఒదిగి ఉంటుంది, బోన్సాయ్ చేసేవాళ్లకూ ఇష్టమైన చెట్టు.

నేలలో నాటాలంటే

భూగోళం దక్షిణార్ధంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు. కాబట్టి టాస్మానియాలో ఇంటికి దక్షిణం పక్క చల్లని పక్క. మన వైపు అలవాటుతో ఉత్తరపు నీడ కోసం వెతక్కండి. వాన నీటి గొట్టం దిగే చోటు, నీళ్లు పారే పల్లం దొరికితే మంచిది. పశ్చిమ తీరపు వానతో పోలిస్తే హోబార్ట్‌లో కురిసేది 600 మిల్లీమీటర్ల పైచిలుకే. మిగిలింది మీ చేతి నీళ్లే. వేళ్ల మీద బెరడు తునకలను నాలుగు వేళ్ల మందాన పరచండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. చుట్టూ వల కట్టండి, లేదంటే రాత్రికి వాలబీలు అనే చిన్న కంగారూలు వచ్చి లేత చివర్లు కొరుకుతాయి.

కార్చిచ్చు ముప్పున్న వాలులో దీన్ని నాటకండి. యూకలిప్టస్ కాలిపోయినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. హ్యువాన్ పైన్‌కు నిప్పు అలవాటు లేదు, కాలితే అంతటితో సరి.

చెక్క కొనే ముందు

1822లో పశ్చిమ తీరాన ఉన్న మాక్వారీ హార్బర్‌లోని సారా ద్వీపంలో ఖైదీల శిబిరం పెట్టినప్పుడు, ఈ చెక్క కోసమే అక్కడ ఓడల పని మొదలైంది. ఖైదీలు నది ఒడ్డున చెట్లు కొట్టి, దుంగలను తెప్పలుగా కట్టి లాక్కొచ్చేవారు. పచ్చి దుంగ కూడా నీటి మీద తేలుతుంది, అదే ఈ చెట్టుకు శాపమైంది. 1834 జనవరిలో పదిమంది ఖైదీలు, తాము కట్టిన ఫ్రెడరిక్ అనే ఓడనే ఎత్తుకుని పసిఫిక్ దాటి చిలీ చేరారు. తరువాతి తరాల్లో పైనర్లు అనేవాళ్లు పడవల్లో నది పైకి వెళ్లి, నెలల తరబడి అడవిలో ఉండి, దుంగల చివర తమ ముద్ర కొట్టి వదిలేవారు. వరద వచ్చి దుంగలను కిందికి మోసుకొచ్చేది.

ఇప్పుడు బతికి ఉన్న చెట్టును కొట్టడానికి వీల్లేదు. 1982లో టాస్మానియా అరణ్యం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 1983 జులై 1న ఆస్ట్రేలియా హైకోర్టు తీర్పుతో గోర్డన్ నది మీద కట్టదలచిన ఫ్రాంక్లిన్ ఆనకట్ట ఆగింది, దాంతో దిగువ గోర్డన్ ఒడ్డున మిగిలిన చెట్లు మునగకుండా బతికాయి. నేడు అమ్మకానికి వచ్చే చెక్క అంతా పాత నరుకుళ్లలో అడవిలో పడిపోయి ఉన్న దుంగలది, మొద్దులది, జలాశయాల్లో మునిగిన చెట్లది. వందేళ్లు బురదలో పడి ఉన్నా ఈ దుంగ చెక్క లోపల గట్టిగానే ఉంటుంది. ఆ నిల్వ తరిగేదే గానీ పెరిగేది కాదు.

అందుకే కొనేటప్పుడు మొదటి ప్రశ్న, అది ఎక్కడిది అని. అనుమతి ఉన్న మిల్లు నుంచి వచ్చిందని అమ్మేవాళ్లు చెప్పగలగాలి. రెండో ప్రశ్న, ఎంత ఆరింది అని. అంగుళం మందం పలక గాలికి ఆరడానికి సుమారు ఏడాది. చివర్లకు మైనం పూసి ఉందో లేదో చూడండి, పూయకపోతే చివర్లు పగులుతాయి. పెద్ద పలకలకు డబ్బు పోయకండి. చిన్న పనికి తునకలు చాలు. బల్ల చేసినవాళ్లు మిగిల్చిన ముక్కలను సంచుల్లో అమ్ముతారు, వాటిలో పక్షి కన్ను లాంటి చుక్కలు ఉన్న ముక్కలు దొరికితే అదృష్టమే.

నకిలీని పట్టుకోవడం ఇలా. టాస్మానియాలోనే పెరిగే సెలరీ టాప్ పైన్ కూడా లేత పసుపే, అయితే అది బరువు ఎక్కువ, గట్టిది. కింగ్ బిల్లీ పైన్ గులాబీ ఛాయలో, తేలికగా ఉంటుంది. హ్యువాన్ పైన్ కొత్తగా కోసినప్పుడు వెన్న రంగు, వెలుతురు తగిలే కొద్దీ తేనె రంగు. చివర కోత మీద భూతద్దం పెట్టండి. నా దగ్గరున్న ఒక ముక్కలో బొటనవేలి గోటి వెడల్పులో ముప్పై ఎనిమిది వలయాలు లెక్కపెట్టాను. ఒక తరం వయసు గోటి కింద పట్టేసింది. శాస్త్రవేత్తలు రీడ్ కొండ చెట్ల వలయాలను ఇలాగే కలుపుకుంటూ పోయి వేల ఏళ్ల వేసవుల వేడిమిని చదివారు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం వాసన. అంచును చిత్రికతో ఒక్కసారి గీయండి. తీపి, మిరియం, లవంగం కలిసినట్టున్న వాసన గది నిండా పరుచుకుంటుంది. అది మిథైల్ యూజినాల్ అనే నూనెది. ఈ పేరు మన మామిడి రైతులకు బాగా తెలుసు. పండు ఈగను పట్టడానికి తోటలో వేలాడదీసే ఎర బుట్టల్లో ఉండేది ఇదే పదార్థం. మామిడి తోటలో ఈగను రప్పించే ఈ నూనే ఇక్కడ చెక్కలోకి పురుగును, కుళ్లును రానివ్వదు. పడవలు కట్టేవాళ్లు దీని కోసం పడిచచ్చేది అందుకే. ఇప్పటికీ హోబార్ట్‌లో రెండేళ్లకోసారి జరిగే చెక్క పడవల పండుగలో రేవు పొడవునా ఈ చెక్కతో కట్టిన పాత పడవలు వచ్చి నిలబడతాయి.

చిన్న భరిణె చేయడం

ముక్కుపుడకో, చెవిదిద్దులో పెట్టుకునేంత భరిణెకు ఆరు సెంటీమీటర్ల చదరం, తొమ్మిది సెంటీమీటర్ల పొడవు ఉన్న తునక చాలు. నారపోగులు భరిణె ఎత్తు వెంట, కింది నుంచి పైకి పోయేలా ముక్కను లేత్‌కు బిగించండి. అడ్డంగా పెడితే కొన్నాళ్లకు నోరు కోలగా సాగి మూత పట్టదు.

రక్షణ ముందు. మూతి ముసుగు తప్పనిసరి. వాసన ఎంత బాగున్నా ఈ పొట్టును పీల్చకూడదు. కిటికీ తెరిచి పని చేయండి.

ఉలులు నూరిన తరువాతే చెక్కను ముట్టుకోండి. చెక్క మెత్తన, మొండి ఉలి నారను కోయకుండా నలిపి లేపుతుంది. తరువాత ఎంత రుద్దినా ఆ మచ్చ పోదు. పదునైన ఉలికి ఇది వెన్నలా తెగుతుంది, పొడవైన పలుచని చుట్టలు భుజం మీదికి వచ్చి పడతాయి. ముందు బయటి గుండ్రం తీసి, మూత భాగాన్ని సన్నని ఉలితో వేరుచేయండి. మూత లోపలి నోరు పూర్తి చేసి, ఆ కొలతకు భరిణె మెడను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. ప్రతి కోత తరువాత మూత పెట్టి చూడండి. తీస్తే చిన్న శబ్దంతో ఊడి రావాలి. అక్కడ ఆగండి, ఇంకొక్క కోత పడితే వదులైపోతుంది.

ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు లేత్ వేగం తగ్గించండి, గట్టిగా అదమకండి. వేడెక్కితే నూనె కాగితానికి పట్టుకుని దాని గరుకు పూడిపోతుంది, చెక్క మీద సన్నని పగుళ్లు కూడా రావచ్చు. అతుకు వేయాల్సి వస్తే, జిగురు పూసే ముందు రెండు ముఖాలనూ ఎసిటోన్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే ఎపాక్సీ వేయండి. తుడవకపోతే పైకి ఊరిన నూనె మీద జిగురు నిలవదు.

పైపూతకు పలుచని మైనం చాలు. నూనె పాలిష్ వేయాలనుకుంటే ముందు ఒక తునక మీద వేసి చూడండి, ఈ చెక్క మీద కొన్ని పాలిష్‌లు ఆరడానికి చాలా ఆలస్యం చేస్తాయి. లోపలి వైపు మాత్రం ఏమీ పూయకండి. వాసన అక్కడి నుంచే వస్తుంది. తినే వస్తువులకు నేను ఈ చెక్క వాడను, వాసన వాటికి పట్టేస్తుంది.

మిగిలిన చుట్టలను పారేయకుండా గుడ్డ సంచిలో కట్టి బట్టల బీరువాలో పెట్టండి.

ఊరికి తీసుకెళ్లాలంటే

మొక్కను తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. ప్లాంట్ క్వారంటైన్ అనుమతి లేకుండా మొక్కలను భారతదేశంలోకి తేవడం చట్టవిరుద్ధం. తెచ్చినా కోస్తా ఉక్కపోతలో, తెలంగాణ వేసవిలో ఇది బతకదు. చెక్క వస్తువైతే బెరడు ఏమాత్రం లేకుండా, పూర్తిగా తయారైనదై ఉండాలి. బయలుదేరే ముందు రెండు దేశాల నిబంధనలూ చూసుకోండి, విమానాశ్రయంలో అడిగితే దాచకుండా చూపండి.

అమ్మకు ఒక భరిణె ఇచ్చాను. నాలుగేళ్లకు ఫోనులో, వాసన తగ్గిపోయిందిరా అంది. మీ వాళ్లూ అలా అంటే ఇలా చెప్పండి. భరిణె ఖాళీ చేసి, బాగా నున్నని ఉప్పుకాగితం ముక్కను వేలికి చుట్టి, లోపల అడుగున నాలుగుసార్లు మెల్లగా తిప్పాలి. పొట్టు దులిపి, మెత్తని గుడ్డతో తుడిచి, ఒక రాత్రి మూత పెట్టి ఉంచాలి. పొద్దున మూత తీసేసరికి వాసన మళ్లీ వచ్చి ఉంటుంది.